అమ్మ ఊళ్లో, మేము తిరుపతిలో: ఊరికి వెళ్లిపోవాలా, వద్దా?

పెనుమూరు_పెద్దోడు
నాకు 41. తిరుపతిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూస్తాను. భైరాగిపట్టెడలో రెండు గదుల అద్దె ఇల్లు, నెలకు 13 వేలు. పాప అయిదో తరగతి, బాబు రెండు. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్లో నా జీతంలో సగమంత ఆమె మిషను మీద వస్తుంది.

మా ఊరు పెనుమూరు దగ్గర. నాన్న పోయి మూడేళ్లు. అమ్మ ఒక్కతే ఉంటుంది. రెండు ఆవులు, మూడెకరాల మామిడి తోపు, బోరు కింద అరెకరా మడి.

సంక్రాంతికి అందరం వెళ్లాం. కనుమ మరుసటి రోజు తెల్లవారుజామున అమ్మ పేడ ఎత్తడానికి పోయి కొట్టంలో జారి పడింది. మేం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి పరిగెత్తి లేపాం. మణికట్టు ఎముక చిట్లింది. చిత్తూరు తీసుకుపోతే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక్కడ పాత దెబ్బ కూడా ఉందే అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. దసరా ముందు కూడా ఒకసారి పడిందట. లేవలేక రెండు గంటలు కొట్టంలోనే ఉందట, పాలు పట్టుకుపోయే పిల్లోడు వచ్చి చూసేదాకా. ఫోన్ ఎందుకు చేయలేదమ్మా అంటే, "నువ్వు ఆఫీసులో ఉంటావు కదా" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అన్నీ సర్దుకుని ఊరికి వెళ్లిపోదామనిపిస్తోంది. ఇక్కడ అలా వెళ్లినవాళ్లు ఉంటారు. వెళ్లి మళ్లీ వచ్చేసినవాళ్లు కూడా ఉంటారు. ఇద్దరూ చెప్పండి.

మామిడితోపు_సామి
వెళ్లిపో తమ్ముడూ. ఇంకేం ఆలోచించొద్దు. నేను 2016లో చెన్నై వదిలి బంగారుపాళెం దగ్గరికి వచ్చేశా. పొద్దున లేస్తే నా తోపు, నా గాలి. ఇంటి అద్దె లేదు. పాలు, కూరగాయలు, బియ్యం కొనేది లేదు. తల్లి కంటే ఉద్యోగం ఎక్కువ కాదు.

స్వర్ణముఖి_ఒడ్డు
సామి అన్నా, నీకు 12 ఎకరాలు అని పోయిన నెల నువ్వే రాశావు. ఆయనకు మూడు. ఆ తేడా చెప్పకుండా వెళ్లిపో అంటే ఎట్లా?

బేనీషా
మూడెకరాల తోతాపురి మామిడి మీద నలుగురు బతకడం గురించి మాట్లాడేవాళ్లు ముందు 2025 సీజన్ గుర్తు చేసుకోవాలి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలిపి 12 చేస్తామంది. మా కాయ కోసి ట్రాక్టరుకు ఎత్తి ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు పగళ్లు మూడు రాత్రులు నిలబెట్టాం. ఎండకు కింది కాయ మెత్తబడి రసం కారుతోంది. ఆఖరికి చేతికి వచ్చింది కోత కూలికి, బండి బాడుగకు సరిపోయింది. మా నాన్న ట్రాక్టరు కిందే పడుకున్నాడు ఆ మూడు రాత్రులూ. 68 ఏళ్లు ఆయనకు.

తోపు అమ్మమని నేను చెప్పను. మేమూ అమ్మలేదు. కానీ జీతం మానేసి దాని మీద ఆధారపడొద్దు అన్నా. తోతాపురి మంచి పంటే. కాకపోతే అది ఫ్యాక్టరీ కోసం పండే కాయ, వాళ్లు కొనకపోతే ఇంట్లో తిని అవగొట్టేది కాదు. బేనీషా రకం మామిడి అయితే కనీసం రోడ్డు పక్కన బుట్టలు పెట్టి అమ్ముకోవచ్చు.

మామిడితోపు_సామి
@స్వర్ణముఖి_ఒడ్డు నిజమే, ఎకరాల మాట ముందే చెప్పాల్సింది. @బేనీషా 2025లో నాకూ నష్టమే. అయినా ఆవులున్నాయి కదా ఆయనకు.

పాలక్యాన్
ఆవుల లెక్క నేను చెప్తాను, మాకు నాలుగున్నాయి. రెండు జెర్సీ ఆవులు ఈనిన కొత్తలో రెండు పూటలకూ కలిపి 16, 18 లీటర్లు ఇస్తాయి. తర్వాత తగ్గుతూ పోతుంది. చూడి నిలవకపోతే ఇంకా కష్టం. లీటరు ధర వెన్న శాతాన్ని బట్టి. దాణా, తవుడు, ఎండుగడ్డి, డాక్టరు పోను మిగిలేది ఇంటి ఖర్చుకు చేయూత, జీతం కాదు. అదీ గడ్డి సొంత మడిలో ఉంటేనే.

దానికి మించి ఇంకో సంగతి. ఆవుకు ఆదివారం లేదు. పెళ్లికి పోయినా సాయంత్రం అయిదుకు ఇంట్లో ఉండాలి. మా చెల్లెలి సీమంతానికి నేను పోలేదు, మా అమ్మే పోయింది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలని. మీ అమ్మ చేతికి కట్టుంటే ఇప్పుడు పాలు ఎవరు పిండుతున్నారన్నా?

పెనుమూరు_పెద్దోడు
@పాలక్యాన్ మా పెదనాయన కోడలు వచ్చి పిండుతోంది. ఆమెకూ రెండు ఆవులున్నాయి. ఎన్ని రోజులు చేస్తుంది పాపం. నేను శనివారం రాత్రి పోయి సోమవారం పొద్దున వస్తున్నా. మొదట్లో ఆవు నన్ను తన్నింది, ఇప్పుడు నిలబడుతోంది.

కాణిపాకం_కోడలు
అన్నా, మీ మొదటి పోస్టు రెండుసార్లు చదివాను. అమ్మ మాట ఉంది, మీ నిద్ర సంగతి ఉంది. మీ ఆవిడ కుట్టే బ్లౌజులు కూడా ఉన్నాయి. ఆమె ఏమన్నదో మాత్రం లేదు. అడిగారా?

నేను చిత్తూరు కట్టమంచిలో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక కాణిపాకం పక్కన పల్లెకు వచ్చాను. అత్తమామలు మంచివాళ్లు, అందులో ఒక్క మాట తీసేయను. కానీ పల్లెకు వెళ్లడం అంటే మగవాళ్లకు సొంత ఊరికి పోవడం, మాకు ఇంకొకరి ఊరికి పోవడం. ఎవరింటికి ఎవరు వచ్చారో, నేను ఏ చీర కట్టుకుని బస్సెక్కానో నేను దిగేలోపల ఊరంతా తెలుస్తుంది. మొదటి రెండేళ్లు నాకంటూ ఒక రూపాయి లేదు. కట్టమంచిలో నెలకు ఆరేడు వేలు ట్యూషన్ల మీద సంపాదించుకునేదాన్ని. మీ ఆవిడకు తిరుపతిలో గిరాకీ ఉంది, చేతిలో డబ్బుంది. అది పోతే ఆమె ఏమవుతుందో మీరు లెక్క వేయలేదు.

మీ అమ్మను వదిలేయమనడం లేదు. అడగమంటున్నాను, అంతే.

రాగిసంగటి
కోడలక్క చెప్పింది అక్షరాలా నిజం. మా వదినది ఇదే కథ.

మామిడితోపు_సామి
అట్లని ఊరంతా కళ్లేసుకుని చూస్తారని భయపెడితే ఎట్లా? ఆ చూసే జనమే కదా ఆపద వస్తే వచ్చేది. ఆ పెదనాయన కోడలు ఎవరు మరి? తిరుపతిలో పక్క పోర్షన్‌లో ఎవరుంటారో తెలుసా మీకు?

భైరాగిపట్టెడ_బాలు
నేను తిరుపతి వాడినే, మా పక్క పోర్షన్ వాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల మార్కులు కూడా తెలుసు. 2021 నవంబర్ వానలకు మా వీధిలో నడుం లోతు నీళ్లు వస్తే పై అంతస్తు వాళ్లు మమ్మల్ని మూడు రోజులు పెట్టుకున్నారు. వాళ్లు ఒడిశా వాళ్లు. సిటీలో మనుషులు లేరనే మాట నేను ఒప్పుకోను.

స్వర్ణముఖి_ఒడ్డు
ఆ వానలకే రాయలచెరువు కట్ట కారుతోందని మా అత్తగారి ఊరు రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. పశువుల తాళ్లు కోసి కొండ వైపు తోలారు. పల్లె, పట్నం రెండూ మునిగాయి ఆ ఏడాది.

అరుంధతి_బిడ్డ
ఒక మాట చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు.

మీరంతా ఊరు, ఊరు అంటున్నారు. ఆ మాటలో మా ఇళ్లు లేవు. గంగాధర నెల్లూరు వైపు మాది. మా ఇళ్లు ఊరికి అవతల, కాలువ దాటాక. నేను డిగ్రీ చదివి, తిరుపతిలో ఉద్యోగం తెచ్చుకుని, మోటారు సైకిలు కొనుక్కుని మొదటిసారి ఊరికి పోయిన రోజు మా నాన్న నన్ను కాలువ దగ్గరే దించి, ఆ వీధిలో బండి మీద పోవద్దు, నెట్టుకుంటూ పోదాం అన్నాడు. అది ఏ వందేళ్ల కిందటి మాటో కాదు, 2009. ఇప్పుడు మారింది, నేను ఒప్పుకుంటాను. కుర్రాళ్లు బండి మీదే పోతున్నారు. కానీ ఆ గాలి, ఆ తోపు అని ఎవరైనా రాసినప్పుడు నాకు మా నాన్న బండి నెడుతున్నదే గుర్తొస్తుంది.

నాకు పట్నం అంటే ఎవరూ నన్ను గుర్తుపట్టని రోడ్డు. ఆ సుఖం విలువ మీకు తెలియదు.

రాగిసంగటి
అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

భైరాగిపట్టెడ_బాలు
తిరుపతిలో అద్దెకు ఇల్లు అడిగితే మొదటి ప్రశ్న "మీరేమోళ్లు?" అనే కదా అన్నా. ఆ రోడ్డు మీద ఎవరూ అడగరు గానీ గడప దగ్గర అడుగుతారు.

అరుంధతి_బిడ్డ
అడుగుతారు. ఆరు ఇళ్లు తిరిగితే ఏడోది దొరికింది నాకు. ఊళ్లో ఏడో ఇల్లు అనేది లేదు, అదే తేడా. పెద్దోడన్నా, మీ చర్చ పక్కకు లాగాను. మీ అమ్మ గురించి నేనూ ఆలోచిస్తున్నాను. మా అమ్మనయితే నేను 2014లో ఇక్కడికే తెచ్చేసుకున్నాను. తను ఆనందంగా వచ్చింది. అందరికీ అది కుదరదని తెలుసు.

నైట్‌డ్యూటీ_నర్సు
ఎముక సంగతి మాట్లాడదాం. 60 దాటిన ఆడమనిషి ఆరు నెలల్లో రెండుసార్లు పడి, మణికట్టు చిట్లిందంటే అది కాలు జారడం ఒక్కటే కాదు. ఎముకల బలం పరీక్ష చేయించండి. కళ్లు చూపించండి, శుక్లం ఉందేమో. బీపీ మాత్రలు వేసుకుంటుంటే లేచేటప్పుడు తల తిరుగుతోందా అని అడగండి. పల్లెనా పట్నమా అనేది తర్వాత.

ఇక దూరం గురించి. 17 ఏళ్లుగా రాత్రి కేసులు చూస్తున్నాను. పక్షవాతం వస్తే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే టైమ్, అదీ ఒంట్లో మార్పు మొదలైన దగ్గరి నుంచి. తల స్కాన్ తీశాకే వేస్తారు. ఆ స్కాన్ ఉన్న చోటికి చేరాలి. ఊళ్లో జనం మంచివాళ్లే, కానీ రాత్రి 11కు మూతి వంకర పోతే "పొద్దున్నే చూద్దాం, వేడి చేసుంటుంది" అని పడుకోబెడతారు. తెల్లారి మా దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. 108కు ఫోన్ చేయడం ఉచితం, ఆ ఒక్క ఫోన్ రాత్రే చేస్తే నడిచి ఇంటికి పోయేవాళ్లను ఎంతమందిని చూశానో.

పాము కాటు కూడా అంతే. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం వద్దు. కాలు కదపకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తేవాలి. విషం విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

పాలక్యాన్
అక్కా, ఇది విడిగా ఒక పోస్టుగా పెట్టండి. మా ఊరి గ్రూపులో వేస్తాను.

పాకాల_జంక్షన్
విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఉండగా ఇంత చర్చ ఎందుకు? మా నాన్న మోచేయి నెలన్నరలో అతుక్కుంది.

నైట్‌డ్యూటీ_నర్సు
@పాకాల_జంక్షన్ మీ నాన్నగారికి నయమైనందుకు సంతోషం. ఎక్కడికి పోయినా ముందు ఎక్స్‌రే తీయించండి. పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగితే మాత్రం కట్టు మీద నెలల తరబడి మంచంలో పెట్టొద్దు. పడుకున్న చోటే ఊపిరితిత్తులకు నెమ్ము పడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. ఆపరేషన్ చేసి తొందరగా నిలబెట్టాలి. ఇందులో నేను తగ్గను.

పాకాల_జంక్షన్
ఒప్పుకుంటున్నా అక్కా. అసలు నేను చెప్పొచ్చింది ఇంకోటి. మధ్యలో ఒక దారి ఉంది. పాకాలలో ఉండండి. నేను 11 ఏళ్లుగా ఇక్కడి నుంచి తిరుపతికి రైల్లో పోయి వస్తున్నా. అద్దె మీ దాంట్లో సగం కూడా ఉండదు. స్కూళ్లున్నాయి. పెనుమూరు దగ్గరే. రాత్రి ఫోన్ వస్తే బండి మీద చేరిపోవచ్చు. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్లకు రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్లో కేంద్రం 1,332 కోట్లకు ఒప్పుకుంది. అది పడితే క్రాసింగ్ కోసం నిలబడే బాధ కూడా పోతుంది.

బేనీషా
పడే లోపల పెద్దోడన్న పాపకు పెళ్లి వయసు వస్తుంది.

పాకాల_జంక్షన్
అంత మాట అనకు బేనీషా, మా ప్లాట్‌ఫారం అంతా ఆ లైను కోసమే ఎదురు చూస్తోంది 🙂

గుడిపాల_మాస్టారు
పిల్లల చదువు గురించి ఎవరూ ఎత్తలేదు. పల్లె బడుల్లో 34 ఏళ్లు చెప్పి రిటైర్ అయ్యాను కాబట్టి రాస్తున్నాను.

పల్లె బడి అనగానే చిన్నచూపు వద్దు. నా దగ్గర చదివిన పిల్లలు వేలూరులో, బెంగళూరులో మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. కానీ బడి బతకాలంటే పిల్లలుండాలి. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. చిన్న పల్లెల్లో ఒకటి, రెండు తరగతులు, ఒక టీచరు, పది మంది పిల్లలు మిగిలారు. తల్లిదండ్రులు ప్రైవేటు వ్యాను ఎక్కించేశారు. 2025లో ఆ జీవో తీసేశారు గానీ, వ్యాను ఎక్కిన పిల్లవాడు తిరిగి రావడం కష్టం.

నాయనా, మీ పాపకు వచ్చే ఏడాది ఎలాగూ ఆరో తరగతి. బడి మారే ఏడాదే అది. మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చాలి, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో కాదు. మీ మండలంలో హైస్కూలుకు ఒకసారి మీరే స్వయంగా పోయి, మధ్యాహ్నం పూట అరగంట కూర్చోండి. లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు ఉన్నారా, ప్రయోగాల గది తాళం తుప్పు పట్టిందా, తీస్తున్నారా చూడండి. ఎవరి మాటా వినక్కర్లేదు.

పెనుమూరు_పెద్దోడు
మాస్టారూ, ఆరో తరగతి సంగతి నాకు తట్టనే లేదు. ఈ శనివారం పోతాను.

కౌండిన్య_అంచు
పలమనేరు అవతల అడవి అంచున మా పొలం. మాకు ఏనుగులు 1980ల నుంచి అలవాటు. పక్క రాష్ట్రాల అడవుల నుంచి దిగాయి, ఆ తర్వాత 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. చెరకు, వరి, అరటి ఏది పక్వానికి వచ్చినా ముందు వాటికే తెలుస్తుంది. మా చిన్నాయన చెరకు ఒక్క రాత్రిలో పోయింది. ఏడాది పంట అది. పొద్దున పోయి చూస్తే తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని తెచ్చారు, ముసలిమడుగు దగ్గర క్యాంపు. కాస్త ధైర్యం వచ్చింది. అయినా రాత్రి పొలానికి పోవాలంటే నలుగురం కలిసే పోతాం.

పెనుమూరు వైపు ఆ బాధ తక్కువే. మీరు అదృష్టవంతులు అని చెప్పడానికే రాస్తున్నా.

స్వర్ణముఖి_ఒడ్డు
అడవి జంతువులకు పల్లె పట్నం తేడా లేదన్నా. మా వైపు యూనివర్సిటీ ఆవరణల్లోనే చిరుత తిరుగుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్న పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు మధ్యాహ్నం రెండు దాటితే చిన్న పిల్లల్ని నడకదారిలో పంపలేదు. మా పిల్లలతో మెట్లెక్కే మొక్కు ఆ ఏడాది వాయిదా వేశాం.

వర్క్‌_ఫ్రం_గుడిపాల
నేను వెళ్లి తిరిగి వచ్చినవాణ్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు బెంగళూరు నుంచి ఊరికి వచ్చా. మూడేళ్లు ఉన్నా. పొద్దున నాన్నతో పొలం, పదింటికి ల్యాప్‌టాప్. సాయంత్రం అమ్మ చేతి సంగటి, ఊరుబిండి. అంత బాగా నా జీవితంలో ఎప్పుడూ తినలేదు, అంత బాగా నిద్రపోలేదు.

2023లో ఆఫీసుకు రమ్మన్నారు. ఉద్యోగం మానేద్దామని గట్టిగానే అనుకున్నా. నాన్న ఒప్పుకోలేదు. ఆ ఎండాకాలం బోరు ఎండిపోయింది. వెయ్యి అడుగులు దించితే దుమ్ము లేచింది. రెండో చోట 1,100 అడుగులకు కాస్త తడి. రెండూ కలిపి నా మూడు నెలల జీతం. నాన్న ఒకటే అన్నాడు: "నువ్వు పోతేనేరా ఈ పొలం ఉండేది." మా ఊళ్లో పచ్చగా ఉన్న ప్రతి పొలం వెనక బెంగళూరులోనో చెన్నైలోనో ఒక జీతం ఉంది. నీ తిరుపతి జీతమే మీ అమ్మ తోపును నిలబెడుతోందేమో, అది ఒకసారి లెక్క చూడన్నా. లెక్కలు నీకు తెలిసినంతగా మాకు తెలియవు.

బేనీషా
ఇది. నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

పెనుమూరు_పెద్దోడు
నిన్న రాత్రి కూర్చుని మూడేళ్ల లెక్క తీశాను. నాన్న పోయాక నేను ఊరికి పంపింది, తోపు నుంచి వచ్చింది, పాల డబ్బులు, మోటారు రిపేర్లు, మందు కొట్టిన కూలి. మూడేళ్లలో రెండేళ్లు నేను పంపిందే ఎక్కువ. పోయిన ఏడాది మరీ ఎక్కువ. ఈ కాగితం నేను ముందే రాసుకుని ఉండాల్సింది.

మామిడితోపు_సామి
తమ్ముడూ, మొదట నేను తొందరపడి వెళ్లిపో అన్నాను. నాకు అన్నీ కుదిరాయి కాబట్టి అన్నాను. ఈ లెక్క చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా అమ్మ ఒంటరిగా ఉండకూడదు అనే మాట మీద మాత్రం నిలబడతా.

రాగిసంగటి
అమ్మనే తిరుపతికి తెచ్చుకోవచ్చు కదా? మా అత్తను తెచ్చాం. మొదటి నెల రోజూ ఏడ్చింది. ఇప్పుడు సాయంత్రం గోవిందరాజస్వామి గుడి, అక్కడ ఆమె వయసు వాళ్ల జట్టు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి బస్సు ఉచితం అయ్యాక మరీ. ఆధార్ కార్డు సంచిలో వేసుకుని తిరుచానూరు పోయొస్తుంది. వారానికోసారి ఊరికి కూడా పోయి తోట చూసుకుని వస్తుంది. గంగ జాతరకు ఊరి వాళ్లందరూ మా ఇంట్లోనే దిగుతారు, వేషాలు చూసి పోతారు. ఆ నాలుగు రోజులూ అత్త ముఖం చూడాలి.

కాణిపాకం_కోడలు
అక్కా, మీ అత్తకు ఆవులు లేవు. ఆవులున్న మనిషి కదలదు. పెద్దోడన్నా, ఇంతమందిమి ఇన్ని చెప్పాం. మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఏమన్నారు? ఇంకా రాయలేదు మీరు.

పెనుమూరు_పెద్దోడు
అడిగాను అక్కా. నాలుగు రోజులు ధైర్యం చాలక ఆగి, ఈ శనివారం ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాను. కొంచెం పొడుగ్గా రాస్తాను.

మా ఆవిడ ముందు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "నన్ను అడగకుండానే నిర్ణయం అయిపోయిందనుకున్నా. అందుకే కొత్త బ్లౌజులు ఒప్పుకోవడం మానేశా." పది రోజులుగా గిరాకీని వెనక్కి పంపుతోందట. నాకు తెలియనే తెలియదు. వస్తానంది. కానీ స్నానాల గది ఇంటిని ఆనుకుని కట్టాలంది. ఇప్పుడున్నది పెరటి చివర ఉంది, రాత్రి పాపను తీసుకుని పోవాలంటే టార్చి పట్టుకుని ఇద్దరు పోవాలి. తనకు సొంతంగా స్కూటీ కావాలంది. పెనుమూరులో బస్టాండు దగ్గర చిన్న కొట్టు దొరికితే మిషను అక్కడ పెట్టుకుంటానంది, ఇంట్లో కాదు. ఇంట్లో కుడితే ఊళ్లో వాళ్లు డబ్బులివ్వరట, చుట్టరికం కలుపుతారట.

అమ్మను అడిగితే నవ్వింది. "నువ్వొచ్చి ఏం చేస్తావురా, ఆవు తన్నితే పడిపోతావు" అంది. తిరుపతికి రమ్మంటే, ఆవుల్ని మీ మేడ మీద కడతావా అంది. సరే, నీకు ఏం కావాలో నువ్వే చెప్పమ్మా అన్నాను. ఆ మాట నేను ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు. మందులు తెచ్చాను, డబ్బులు పంపాను, ఫోను కొనిచ్చాను, అడగలేదు. వెంటనే చెప్పింది. ఆలోచించనే లేదు. "కొట్టంలో బండలు నున్నగా అరిగిపోయినాయి. ఆ బండలు తీసేసి గరుకు సిమెంటు వేయించు. పేడ ఎత్తే చోట ఒక లైటు పెట్టించు. మీ నాయన ఉన్నప్పుడే చేయిస్తానన్నాడు."

మూడేళ్లుగా ఆమె చీకట్లో ఆ నున్నటి బండల మీద నడుస్తోంది. నేను ప్రతి పండక్కీ ఆ కొట్టం ముందు బండి ఆపి లోపలికి పోతున్నాను.

నైట్‌డ్యూటీ_నర్సు
ఆ సిమెంటు ఈ వారమే వేయించండి. మీరు ఎక్కడ ఉండాలో తర్వాత తేల్చుకోవచ్చు. గోడకు చేతితో పట్టుకునే పైపు కూడా బిగించండి, నడుం ఎత్తులో.

పాలక్యాన్
సిమెంటు ఆరేదాకా ఆవుల్ని బయట చెట్టు కింద కట్టండి. గీతలు అడ్డంగా గీయించండి, కడిగిన నీళ్లు పోవడానికి వాలు వదలండి. మరీ గరుకు చేస్తే ఆవు గిట్టలు అరుగుతాయి, మేస్త్రీకి ఈ మాట చెప్పండి.

అరుంధతి_బిడ్డ
అన్నా, మీ ఆవిడ వెనక్కి పంపిన గిరాకీని మళ్లీ పిలవమనండి.

పెనుమూరు_పెద్దోడు
పిలిచింది. మాఘమాసం పెళ్లిళ్లవి 14 ఒప్పుకుంది.

నిన్న మేస్త్రీ వచ్చాడు. బండలు తీశాం. లైటుకు వైరు లాగించాను, స్విచ్ కొట్టం బయటే, అమ్మ చేతికి అందే ఎత్తులో. నర్సక్క చెప్పిన పైపు కూడా. ఎముకల పరీక్షకు సోమవారం తీసుకుపోతున్నాను, ఎడమ కంట్లో శుక్లం ఉందని మాత్రం ఇప్పటికే తేలింది. హైస్కూలుకు పోయాను మాస్టారూ. లెక్కలకు మాస్టారు ఉన్నారు, ప్రయోగాల గది తాళం తీసే ఉంది, పిల్లలు లోపలే ఉన్నారు. పాప కూడా నాతో వచ్చింది, చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది.

ఎండాకాలం సెలవులకు అందరం పోయి రెండు నెలలు ఊళ్లో ఉంటాం. నేను అక్కడి నుంచే ఆఫీసుకు వచ్చిపోతా, పాకాల దాకా బండి, అక్కడి నుంచి రైలు. జూన్‌లో బడి తెరిచే ముందు మా ఆవిడ చెప్పినదాన్ని బట్టి చేస్తాం.

పాకాల_జంక్షన్
ఆరున్నరకల్లా ప్లాట్‌ఫారం మీదకు వచ్చేయండి అన్నా. కిటికీ పక్క సీటు ఆపుతా.

బేనీషా
తోపులో పూత ఎట్లుంది?

పెనుమూరు_పెద్దోడు
ఈ ఏడు విరగబూసింది. పొద్దున మంచు ఎక్కువగా ఉంది, తేనెమంచు పురుగు పడుతుందేమోనని అమ్మకు భయం. శనివారం మందు కొట్టాలి. ఎవరైనా ట్రాక్టరు స్ప్రేయరు బాడుగకు ఇచ్చేవాళ్లు పెనుమూరు చుట్టుపక్కల ఉంటే చెప్పండి.